పరీక్షకు పోయిన నీళ్లు

మార్కాపురంలో మా ఇంటికి ఈ మధ్య పిల్లలు ఎక్కువగా వస్తున్నారు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీనో ఫిజిక్సో పూర్తిచేసిన వాళ్లు. గిద్దలూరు నుంచి, కంభం నుంచి, ఒక్కోసారి ముండ్లమూరు అవతలి నుంచి కూడా వస్తారు. నానో మెటీరియల్స్‌లో పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది సార్, సీట్లు ఎక్కడున్నాయి, ఫెలోషిప్ ఎట్ల వస్తుంది, గైడు మంచోడో కాదో ఎట్ల తెలుసుకోవాలి అని అడుగుతారు. మొదటి రెండింటికీ నాకు తెలిసినంత చెబుతాను. నెట్ రాయండి, గేట్ రాయండి, పెద్ద సంస్థల ప్రాజెక్టుల్లో ఫెలో ఉద్యోగాలు పడుతుంటాయి, ప్రకటనలు చూస్తూ ఉండండి అంటాను. మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి కాఫీ తెస్తానని లేచి వంటింట్లోకి పోతాను. నాకు బాగా తెలిసిన గైడు ఒక్కడే. అది నేనే. అందుకే ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను, ఇకమీద వచ్చేవాళ్లకు ఇదే చేతికిచ్చి చదువుకోమంటాను.

ఇది దాచిపెట్టిన సంగతేమీ కాదు. మా కాలేజీ స్టాఫ్ రూములో దీన్ని చెప్పుకుని కడుపుబ్బ నవ్వుకున్నారు. నవ్విన వాళ్లలో కొందరు నాకు సన్మానం చేసి శాలువా కప్పిన వాళ్లే. అయినా రాయడానికి కూర్చుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. నా పీహెచ్‌డీ ఉపరితల రసాయనం మీద. అదేమిటో చెప్పడానికి పలకలకు పేరుపడ్డ మా ఊళ్లో కష్టపడక్కర్లేదు. పలక మీద బలపంతో రాస్తే ఆ రాత పలక లోపలికి పోదు, పైనే అంటుకుని ఉంటుంది. అట్లా ఒక వస్తువు ఇంకొకదాని పైభాగాన ఎందుకు అంటుకుంటుంది, ఎంత అంటుకుంటుంది, ఎప్పుడు వదిలేస్తుంది అని చూడటమే ఆ చదువు. వస్తువును ఎంత సన్నగా పొడి చేస్తే దాని పైభాగం అంత పెరుగుతుంది. నానో అంటే ఆ సన్నదనం కంటికి ఆననంత వరకూ పోవడం. అల్యూమినా అనే తెల్లపొడిని అంత సన్నగా తయారు చేస్తే, మా బోరు నీళ్లలో పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది. ఆ పొడిని పలకల క్వారీల దగ్గర గుట్టలుగా పడేసిన ముక్కల మీద పూత పూసి, వాటిని డ్రమ్ములో పోసి, పైనుంచి బోరు నీళ్లు వదిలితే కింద మంచినీళ్లు రావాలి. ఇదీ నా ఆలోచన. ఉద్యోగం చివరి దశలో దీనికొక ప్రాజెక్టు మంజూరైంది, ఒక రీసెర్చ్ ఫెలోను పెట్టుకుని పీహెచ్‌డీ చేయించే అవకాశంతో.

ఆ ఒక్క ఉద్యోగానికి చాలామంది వచ్చారు. వచ్చినవాళ్లందరూ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గురించి చెప్పారు. ఒకమ్మాయి మాత్రం తమ ఊరి బోరు గురించి చెప్పింది. కొనకనమిట్ల దాటి లోపలికి పోతే వాళ్ల పల్లె. తల్లి లేదు. తండ్రి గోడలు కట్టే బేల్దారి పనికి ఊళ్లు పట్టుకుని తిరిగేవాడు. తల్లికి అక్క, పెద్దమ్మ, మిరప కోతలకూ కంది కోతలకూ పోయి ఆ అమ్మాయిని చదివించింది. అమ్మాయి పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి. మా వైపు బస్సుల్లో పళ్లు చూసి ఏ ఊరో చెప్పగలిగే వాళ్లున్నారు. ఆ పల్లె ఆడపిల్లలకు నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం అలవాటు. ఆ అమ్మాయినే తీసుకున్నాను. ఇందులో మాత్రం నా ఎంపిక తప్పు కాలేదు.

కష్టజీవి. మా లేబరేటరీలో కరెంటు కొలిమి పెడితే కాలేజీ మొత్తానికీ కరెంటు పోయేది. ఫిజిక్స్ లెక్చరరు తలుపు దగ్గర నిలబడి, "ఏంది సార్, మళ్లీ పలక ముక్కలకు పౌడరు పూస్తున్నారా?" అనేవాడు. ఆ అమ్మాయి నవ్వి ఊరుకునేది, నేనే పోట్లాటకు దిగేవాణ్ణి. తయారైన పొడిని చిన్న సీసాల్లో పోసి, టిఫిన్ బాక్సులో తువ్వాలు చుట్టి, బస్సులో యూనివర్సిటీకి తీసుకుపోయేది. అక్కడి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద మా వంతు కోసం వరండాలో పడిగాపులు కాసేది. ఫొటోలు వచ్చాక చూస్తే రేణువులు ముచ్చటగా ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ ఉప్పు కలిపి పరీక్షిస్తే దాదాపు అంతా పట్టేసింది. నేను కాలేజీలో నడిచే తీరే మారిపోయింది.

తరువాత మెట్టు, నిజమైన ఇంట్లో నిజమైన నీళ్లు. ఎవరింట్లో పెడదామని ఆలోచన కూడా అక్కర్లేకపోయింది. డ్రమ్ము పెద్దమ్మ ఇంటికి చేరిన రోజు పాస్టరు గారు వచ్చి దాని ముందు ప్రార్థన చేశారు. వాడకట్టు అంతా వచ్చి చూసింది. పెద్దమ్మ నాకు మంచం వాల్చి, కొత్త దుప్పటి పరిచి, గ్లాసుతో నీళ్లిచ్చి, "మా పాపను ఒక దోవకు తెచ్చినారు సార్" అంది. రోజూ పైన బోరు నీళ్లు పోయాలి, కింద కొళాయి తిప్పి తాగాలి, నేను అప్పుడప్పుడూ వచ్చి సీసాలో పట్టుకుపోతాను అని చెప్పాను. ఆమె తల ఊపింది.

నేను మర్యాద తెలిసిన మనిషిని. ఇది నేను గొప్పగా చెప్పుకునే సంగతుల్లో ఒకటి. చెప్పకుండా ఎవరింటికీ పోను. అందుకని ప్రతిసారీ ముందురోజు, మార్కాపురంలో హాస్టల్లో ఉండే అమ్మాయి చేత ఫోన్ చేయించేవాణ్ణి. "పెద్దమ్మా, రేపు సార్ నీళ్ల కోసం వస్తున్నాడు." మేం పోయేసరికి వాకిలి కల్లాపి చల్లి ఉండేది. అమ్మాయి బోరు దగ్గర ఒక సీసా నింపేది. నేను డ్రమ్ము కొళాయి కింద ఇంకో సీసా పెట్టేవాణ్ణి. ఆ తరువాత అదే కొళాయి నీళ్లు పెద్దమ్మ గ్లాసులో పట్టిచ్చేది. నేను తాగి, నోట్లో కాసేపు ఉంచుకుని, "చూశావా, మన ఫిల్టరు నీళ్లు ఎంత తియ్యగా ఉన్నాయో" అని అమ్మాయితో అనేవాణ్ణి. పుట్టినప్పటి నుంచీ ఈ బోరు నీళ్ల మధ్యే పెరిగినవాణ్ణి నేను. ఆ తీపి ఎక్కడి తీపో నాలుకకు తెలియాలి. పొగరు తలకెక్కితే నాలుక కూడా పనిచెయ్యదు కాబోలు.

ఫలితాలు అద్భుతంగా వచ్చాయి. బోరు సీసాలో ఫ్లోరైడ్ నిండుగా ఉండేది, డ్రమ్ము సీసాలో ఇంచుమించు ఉండేది కాదు. నెలలు గడిచినా ఫిల్టరు అలసిపోలేదు. నేను సెమినార్లకు పోయి గ్రాఫులు చూపించి చప్పట్లు కొట్టించుకున్నాను. ఒకరోజు అమ్మాయి లెక్కలు చూస్తూ, "సార్, నీళ్ల కఠినత్వం కూడా పడిపోతోంది. బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు గదా, ఈ నీళ్లకు బాగా వస్తోంది. అల్యూమినా ఆ పని చెయ్యదు గదా సార్?" అని అడిగింది. నేను కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నానో అమ్మా, నానో. దాని శక్తి మనకింకా పూర్తిగా తెలియదు" అన్నాను. తనకేమనిపించిందో గాని మళ్లీ అడగలేదు. గైడు అట్లా అన్నాక ఎవరు మాత్రం అడుగుతారు?

అప్పటికి ఆమెకు వేరే రాష్ట్రంలో ఒక పెద్ద పరిశోధన సంస్థలో ఉద్యోగం ఖాయమైంది. థీసిస్ సమర్పించి రావాలని షరతు. ఇక్కడ ఫెలోషిప్ గడువు కూడా ముగింపుకొచ్చింది. సమర్పణకు ముందు యూనివర్సిటీలో ఒక సెమినార్ ఇవ్వాలి. పెద్ద పని కాదు, మర్యాద కోసం జరిపేదే అనుకుని నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాను.

బయటి నుంచి నిపుణుడిగా ఒక పెద్దాయన వచ్చారు. ఉపరితల శాస్త్రంలో పేరున్న మనిషి. మాట మెత్తన. అమ్మాయి చక్కగా చెప్పింది. చివర్లో ఆయన ఒక పట్టిక మళ్లీ చూపించమన్నారు. చాలాసేపు చూశారు.

"అమ్మా, ఇక్కడ కాల్షియం పోయింది, మెగ్నీషియం పోయింది, కరిగిన లవణాలన్నీ పోయాయి. నీ అల్యూమినా ఫ్లోరైడ్‌ను పడుతుంది, ఒప్పుకుంటాను. ఇవన్నీ ఎవరు పట్టారు?" అని ఇంగ్లీషులో అడిగారు.

అమ్మాయి నా వైపు చూసింది. నేను లేచాను. లేవకుండా ఉండాల్సింది. నానో ఉపరితలానికి ఉండే ప్రత్యేక గుణాల గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆయన అంతా ఓపిగ్గా విన్నారు. "మీరు ఈ నీళ్లు తాగారా?" అన్నారు. తాగాను సార్, తియ్యగా ఉన్నాయి అన్నాను. "ఉంటాయి. ఈ లెక్కలు ఆర్వో ప్లాంటు నీళ్ల లెక్కలు. బజార్లో క్యానుల్లో అమ్మేవి" అన్నారు.

వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. అమ్మాయి మైకు ముందు నిలబడే, "నాకు తెలియదు సార్, కనుక్కుని చెబుతాను" అంది. ఆ నాలుగు మాటలు నేను అనలేకపోయాను. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, తెలియదు అనే మాట నా నోటికి అలవాటు లేదు. నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

మర్నాడు ఇద్దరం ఆ పల్లెకు పోయాం. ఈసారి ఫోన్ చెయ్యలేదు.

పెద్దమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతోంది. మమ్మల్ని చూసి చేట పక్కన పెట్టి గబగబా లేచింది. "చెప్పి రాకూడదా సార్, క్యాను తెప్పించి పెట్టేదాన్ని" అంది.

ఆ మాటతో నాకు అంతా తెలిసిపోయింది. అయినా లోపలికి పోయి చూశాం. డ్రమ్ము ఇంట్లో ఒక మూల పీట మీద ఉంది. దాని మీద పువ్వులు కుట్టిన తెల్లగుడ్డ కప్పి ఉంది. మూత తీస్తే పలక ముక్కలు పొడిగా, మేం పోసినవి పోసినట్టే ఉన్నాయి. పక్కన వాళ్లు తాగే బిందె ఉంది. అందులో ఎప్పట్లాగే బోరు నీళ్లు.

"ఇది వాడటం లేదా పెద్దమ్మా?" అని అమ్మాయి అడిగింది.

"అది నీ పరీక్ష సామాను గదా పాపా. అందరం దాంట్లో ముంచుకుని తాగితే అరిగిపోదా? నీ పట్టా అయ్యేదాకా ఎవురినీ చెయ్యి పెట్టనియ్యలా."

"మరి సార్ వచ్చినప్పుడు పట్టుకుపోయిన నీళ్లు?"

పెద్దమ్మ నా వైపు చూడలేక గోడ వైపు చూసింది. "వచ్చే ముందు క్యాను నీళ్లు తెప్పించి డ్రమ్ములో పోసి పెడుతుంటి. మన నీళ్లు ఎట్లుంటాయో మనకు తెల్దా? వాటిని సీసాలో పోసుకుని అంత దూరం పోయి పెద్దోళ్లందరి ముందు పెడతారంట. మా పాప ఇంట్లో నుంచి అట్లాంటి నీళ్లు పోతే ఏమనుకుంటారు? సార్ గూడా మా ఇంట్లో తాగుతాడు. ఆయనకు మేం తాగేటివి ఇచ్చేదా?"

ఆమె తప్పేం చెయ్యలేదు. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి బోరు నీళ్లివ్వడం నామర్దా. కూలికి పోయే ఇంట్లోనైనా చుట్టం వస్తున్నాడంటే ముందు క్యాను తెప్పిస్తారు. నేను కూడా మా ఇంట్లో అదే చేస్తాను. తెలిసి తెలిసి, ముందురోజు కబురు పెట్టి, చుట్టంలా పోయి, మంచం మీద కూర్చుని, ఆ నీళ్లే తాగి, వాటినే సీసాలో పట్టుకొచ్చి, నా పరిశోధన ఫలితమని ఊరూరా చూపించాను. నాకోసం వాళ్లు కొన్న మంచినీళ్లు నేను తాగిపోతుంటే, నేను పోయాక ఆ ఇంటివాళ్లు బిందెలో నీళ్లే తాగారు. ఆ మాట తోచినప్పుడు నాకు ఆ ఇంట్లో తల ఎత్తబుద్ధి కాలేదు.

అమ్మాయి ఏడవలేదు, కసరలేదు. పెద్దమ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మా, నాకు మన నీళ్లే కావాలి. అవి ఎంత చెడ్డగా ఉంటే అంత. డ్రమ్ములో రోజూ పొయ్యాలి. కింద వచ్చేవి మాత్రం తాగొద్దు, నేను చెప్పేదాకా" అంది. పెద్దమ్మకు ఇది ఒక పట్టాన మింగుడుపడలేదు. "చెడ్డ నీళ్లు చూపిస్తే నిన్ను చెడ్డగా అనుకోరా?" అని రెండుమూడుసార్లు అడిగింది.

తిరిగి వచ్చే బస్సులో నేనొక సలహా ఇచ్చాను. ఇంటి ఫిల్టరు అధ్యాయం తీసేద్దాం. లేబరేటరీలో డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన పని నిఖార్సైనది, పట్టాకు అది చాలు. వెంటనే సమర్పిస్తే అక్కడి ఉద్యోగం నిలబడుతుంది. నిజానికి అప్పుడు ఆమె ఉద్యోగం కంటే నా పరువు గురించే నేను ఎక్కువ ఆలోచిస్తున్నాను. ఆ అధ్యాయం పోతే నవ్వులూ పోతాయనుకున్నాను.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "డిస్టిల్డ్ వాటర్ తాగే ఊరు ఏదన్నా ఉందా సార్?" అంది. ఎగతాళి లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది.

అధ్యాయం తియ్యలేదు. మళ్లీ మొదటి నుంచి చేసింది. ఫెలోషిప్ ఆగిపోయింది. పొద్దున ఒక ట్యుటోరియల్లో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పి, మధ్యాహ్నం లేబరేటరీకి వచ్చేది. కబురు పెట్టకుండా పల్లెకు పోయి నీళ్లు పట్టుకొచ్చేది. పెద్దమ్మ ఆ నీళ్ల సీసాలను చీరకొంగు కింద దాచుకుని బస్సు దాకా తెచ్చిచ్చేదట, దోవలో ఎవరన్నా చూస్తారని. అవతలి సంస్థ వాళ్లు కొంతకాలం ఎదురుచూసి, ఇంకొకరిని తీసుకున్నారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు కూడా ఆమె కొలిమి పెట్టింది, కాలేజీకి కరెంటు పోయింది. ఫిజిక్స్ లెక్చరరు తలుపు దాకా వచ్చి, ఏమీ అనకుండా వెనక్కి పోయాడు.

కొత్త ఫలితాలు నన్ను కూలదోశాయి. అసలు బోరు నీళ్లలో ఫిల్టరు మొదట కొద్దిగా పనిచేసి, త్వరగానే చతికిలపడింది. ఆ నీళ్లలో బైకార్బొనేట్ విపరీతం. ఫ్లోరైడ్ కంటే ముందే అది వచ్చి అల్యూమినా పైభాగమంతా ఆక్రమించుకుంటోంది. ఇది నా వంటి వాడికి మొదటే తట్టాల్సిన సంగతి. తియ్యటి నీళ్లు తాగుతూ కూర్చున్నవాడికి ఎట్లా తడుతుంది? ఆ అమ్మాయి ఈ వైఫల్యాన్ని ఉన్నదున్నట్టు రాసింది. పాత లెక్కలు ఎందుకు పనికిరావో కూడా రాసింది. నమూనా తీసే పద్ధతిలో లోపం అని రాసిందే తప్ప, పెద్దమ్మ మాట ఎక్కడా రానివ్వలేదు. లోపం ఎవరిదని అడిగితే నా పేరు చెప్పమని నేనే అన్నాను. నా జీవితంలో గైడుగా నేను చేసిన సాయం అంతే.

థీసిస్ మీద చివరి మౌఖిక పరీక్ష, వైవాకు ఆ పెద్దాయనే వచ్చారు. వైవా ఎవరైనా వచ్చి చూడొచ్చు. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, చర్చికి పోయినట్టు తల మీద కొంగు కప్పుకుని వెనక వరసలో కూర్చుంది. అంతా ఇంగ్లీషులో జరిగింది. చివర్లో పెద్దాయన, "నీ ఫిల్టరు మీ ఊరికి పనికొస్తుందా?" అని అడిగారు. "ఇప్పుడున్న రూపంలో పనికిరాదు సార్. ఎందుకు రాదో మాత్రం ఇప్పుడు నాకు తెలుసు" అంది. ఆయన లేచి నిలబడి, ఈ థీసిస్‌లో తనకు నచ్చిన అధ్యాయం ఈ ఓడిపోయిన అధ్యాయమే అన్నారు. ఆ అధ్యాయం తియ్యమన్నవాణ్ణి ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను. డాక్టరేట్‌కు సిఫారసు చేస్తున్నామని చెప్పారు. హాలంతా చప్పట్లు మోగాయి. ఇప్పుడు ఆ అమ్మాయి దూరంగా వేరే చోట నీటి మీదే పనిచేస్తోంది. బాగా చేస్తోందని వింటుంటాను.

ఆ రోజు వైవా అయి బయటికి వచ్చాక వరండాలో పిల్లలు ఆమె చుట్టూ మూగారు. పెద్దమ్మ గుంపులోకి పోకుండా నా దగ్గరికి వచ్చింది. కళ్లు తుడుచుకుంటోంది.

"పాపకు వచ్చేసినట్టేనా సార్?"

"వచ్చేసిందమ్మా. ఇక మీ పాప డాక్టరు."

ఆమె చేతులు జోడించి ఏదో ప్రార్థన గొణుక్కుంది. తరువాత గొంతు తగ్గించి అడిగింది. "అయితే సార్, ఇంక ఆ డ్రమ్ములో నీళ్లు మేం తాగొచ్చు గదా? వాడకట్టులో అందరూ అడగతా ఉండారు. పాప పరీక్ష కానియ్యండని నేనే ఆపినా."

పాప ఈ సంగతి ఇంట్లో ఇంకా చెప్పలేదని, లోపల ఇంగ్లీషులో చెప్పింది ఈమెకు ఒక్క ముక్క అర్థం కాలేదని అప్పుడు తెలిసింది. "ఆ డ్రమ్ము పనిచెయ్యదమ్మా. మీ నీళ్లకు అది చాలలేదు" అన్నాను.

ఆమె నన్ను, హాలు తలుపును, మళ్లీ నన్ను చూసింది.

"మరి అంతమంది చప్పట్లు కొట్టినారు గదా సార్? నీళ్లు బాగుపడకుండానే కొట్టినారా?"

"కొట్టారమ్మా" అన్నాను. "నేనూ కొట్టాను."